ఎదురుకోలు, వీడుకోలు

పేరున్న మనిషి పోయిన మర్నాడు తెలుగు పత్రికల్లో ఒక శీర్షిక తప్పకుండా కనిపిస్తుంది: కన్నీటి వీడ్కోలు. అభిమానులు వీడ్కోలు పలికారని, బంధుమిత్రులు తుది వీడ్కోలు పలికారని, అధికార లాంఛనాలతో వీడ్కోలు జరిగిందని రాస్తారు. ఈ మాటకు ఎంతగా అలవాటు పడ్డామంటే, అది తలకిందులై ఉందని కూడా గమనించం. వీడ్కోలు ఉండిపోయేవాళ్లు పలికేది కాదు. వెళ్లేవాళ్లు తీసుకునేది.

విడదీసి చూస్తే తెలుస్తుంది. వీడు అంటే విడిచిపెట్టడం, ఎడబాయడం. దానికి కొను చేరింది. తెలుగులో ఈ కొను చూడటానికి చిన్నదే కానీ చాలా పని చేస్తుంది. చేసిన పని ఎవరికి చెందుతుందో చెబుతుంది. వండటం ఎవరికోసమైనా కావచ్చు, వండుకోవడం తనకోసమే. చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. అలాగే వీడ్కొనడం అంటే వెళ్లే మనిషి తనంతట తాను సెలవు పుచ్చుకోవడం. మరి గడపలో నిలబడి పంపేవాడు చేసే పనికి ఏ మాట? దానికి వేరే క్రియ ఉండేది: వీడ్కొలుపు. మేలుకొను, మేలుకొలుపు మనకి ఇప్పటికీ తెలిసిన జంట. దేవుడు మేలుకొంటాడు, భక్తుడు మేలుకొలుపు పాడతాడు. ఆ ఇద్దరి పనీ ఒకటేనని ఎవరూ పొరబడరు. వీడ్కొను, వీడ్కొలుపు కూడా అచ్చంగా అలాంటి జంటే. పాత కావ్యాల తెలుగులో అతిథి వీడ్కొంటాడు, గృహస్థు అతణ్ని వీడ్కొలుపుతాడు.

రానురాను వీడ్కొలుపు వాడుకలోంచి జారిపోయింది. మిగిలిన వీడ్కోలు ఒక్కటే రెండు వైపులకీ సరిపెట్టుకుంది. ఉద్యోగ విరమణ సభైనా, కాలేజీ ఆఖరి సంవత్సరం పిల్లల సభైనా వీడ్కోలు సభే. మాటలు అరిగిపోవడం ఏ భాషలోనైనా మామూలు విషయం, దానికి దిగులు పడనక్కరలేదు. ఈ ఒక్క అరుగుదల మాత్రం నన్ను బాధిస్తుంది. ఎందుకంటే వ్యాకరణంతో పాటు ఇంకొకటి కూడా పోయింది. చనిపోబోతున్న మనిషికి తన నోటితో తాను సెలవు తీసుకునే అవకాశం మన ఇళ్లలో లేకుండా పోయింది.

ఆ అవకాశం ఉంటే ఎలా ఉంటుందో ఒక జపాన్ సినిమాలో చూశాను. పేరు ‘ఎండింగ్ నోట్’. 2011లో వచ్చింది. తీసింది సునాదా మామి, ఆమెకిది మొదటి సినిమా. నిర్మాత కొరేయెదా హిరోకాజు. కల్పిత కథ కాదు, డాక్యుమెంటరీ. అందులో ముఖ్యపాత్ర ఆమె తండ్రి సునాదా తొమోఆకి. నలభై ఏళ్లకు పైగా ఒకే కంపెనీలో సేల్స్ ఉద్యోగం చేసి, 67వ ఏట రిటైరయ్యాడు. ఇక నా కాలం నాది అనుకుంటున్న సమయంలో, 2009లో, ఆరోగ్య పరీక్షలో కడుపు క్యాన్సర్ అని తేలింది. అప్పటికే నాలుగో దశ. దాచిపెట్టడం లేదు, ఇంట్లోవాళ్ల గుసగుసలు లేవు. విషయం ఆయనకే తెలిసింది. ఆ ఏడాది చివర్లో ఆయన పోయాడు. మధ్యలో ఉన్న ఆ కొన్ని నెలలే ఈ సినిమా.

సునాదాగారికి జీవితమంతా ఒకటే అలవాటు: ఏ పనైనా ముందుగా వరస కట్టి పెట్టుకోవడం. జపనీయులు దాన్ని దందోరి అంటారు. దన్ అంటే మెట్టు. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో ముందే తేల్చుకోవడం దందోరి. మన సన్నాహం దీనికి దగ్గరే కానీ సన్నాహంలో యుద్ధం వాసన ఉంటుంది. కవచం బిగించుకోవడం దాని మొదటి అర్థం, సన్నద్ధుడు అనే మాటా ఆ ధాతువులోంచి వచ్చిందే. దందోరిలో కవచం లేదు. ఆఫీసు బల్ల మీద కాగితం, పెన్సిలు ఉన్నాయంతే. ఆ మనిషి తన చావుకి కూడా దందోరి వేసుకున్నాడు. చేయాల్సిన పనుల జాబితా రాసుకున్నాడు. సినిమా ఆ జాబితా వెంటే నడుస్తుంది.

అందులో ఏమున్నాయో కొంచెం ఆగి చూడాలి. ఇన్నాళ్లూ నమ్మని దేవుణ్ని నమ్మి చూడటం. మనవరాళ్లతో ఒళ్లు వంచి ఆడుకోవడం. ఎప్పుడూ వేసే పార్టీకి కాకుండా ఈసారి వేరే పార్టీకి ఓటు వేయడం (2009 ఆగస్టు ఎన్నికల్లో జపాన్‌లో నిజంగానే ప్రభుత్వం మారింది). కుటుంబంతో ఆఖరి ప్రయాణం. అంత్యక్రియలు జరిగే చోటుకి ముందే వెళ్లి చూసి రావడం. తల్లికి సెలవు చెప్పడం. కొడుక్కి పని అప్పగించడం. భార్యకి, మొట్టమొదటిసారి, నువ్వంటే ప్రేమ అని చెప్పడం.

కొడుక్కి అప్పగించడం అన్న దగ్గర ఆయన వాడిన జపనీస్ మాట ఆఫీసు మాట. బదిలీ మీద వెళ్లే ఉద్యోగి వచ్చేవాడికి ఛార్జి ఇస్తాడే, అది. ఇది చూసినప్పుడు నాకు మన అప్పగింతలు గుర్తొచ్చాయి. తహసీల్దారు ఛార్జి అప్పగిస్తాడు, తల్లిదండ్రులు పెళ్లికూతుర్ని అప్పగిస్తారు. ఫైలుకీ, బిడ్డకీ తెలుగువాళ్లు ఒకే మాట వాడారు. వినడానికి వింతగా ఉన్నా రెండింటిలోనూ ఉన్నది ఒకే నమ్మకం: ఇంతవరకూ నేను చూసుకున్నాను, ఇకమీద నువ్వు చూసుకుంటావు. సునాదాగారు కొడుక్కి చేసింది ఈ రెండో రకం అప్పగింతే, మొదటి రకం భాషలో. ఎవరికి కబురు చేయాలి, ఎవరెవరు వస్తారు, ఎక్కడ జరగాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి. తనకి కన్నీళ్లు రాని భాష ఆయన ఎంచుకున్నాడు. చూసేవాళ్లకి వస్తాయి.

ఇంకో విశేషం. సినిమా అంతా వినిపించే గొంతు కూతురిది, కానీ మాట్లాడేది తండ్రి. నేను, నా భార్య, నా క్యాన్సర్ అంటూ ఆమె ఆయన తరఫున చెబుతుంది. ఆ నేను కూడా మామూలు నేను కాదు, వతకుషి అనే మర్యాద మాట, సభల్లో, ఆఫీసుల్లో వాడేది. తండ్రి పోయాక కూతురు కూర్చుని, ఆయన మాట్లాడినట్టుగా రాసి, తన గొంతుతో చదివింది. వీడ్కొంటున్నది ఆయన, వీడ్కొలుపుతున్నది ఆమె. ఆ రెండు క్రియలూ ఒకే గొంతులో వినిపించడం నేను ఇంకెక్కడా ఎరగను.

ఈ సినిమా వచ్చిన రోజుల్లోనే జపాన్‌లో షూకత్సు అనే కొత్త మాట పాకింది. ఉద్యోగం వెతుక్కోవడాన్ని అక్కడి కుర్రవాళ్లు షూకత్సు అంటారు. ఉద్యోగానికి సంబంధించిన షూ అక్షరం తీసేసి, అదే పలుకుబడి ఉన్న ‘ముగింపు’ అక్షరం పెట్టారు. చెవికి ఒకటే, రాతలో వేరు. ముగింపు కోసం చేసే ప్రయత్నం అని అర్థం. 2009లో షూకన్ అసాహి అనే వారపత్రిక శీర్షికగా వాడింది, 2012కల్లా ఆ ఏటి కొత్త మాటల్లో మొదటి పదింటిలో చేరింది. సమాధి స్థలం చూసుకోవడం, సామాను తగ్గించుకోవడం, ఫొటో ఎంచుకోవడం, కోరికలన్నీ రాసిన పుస్తకం ఉంచడం ఇవన్నీ షూకత్సు కిందికి వస్తాయి. ఆ పుస్తకమే ఎండింగ్ నోట్. ఇంగ్లీషు మాటల్లా ఉన్నా ఆ జోడింపు జపాన్‌లో పుట్టిందే. ఇప్పుడు అక్కడ ఇదొక వ్యాపారం కూడా, దాని సంగతి మనకి అనవసరం.

సునాదాగారి సినిమా వీడ్కోలు సినిమా అయితే, దానికి మూడేళ్ల ముందు వచ్చిన ఇంకో జపాన్ సినిమా సాగనంపే సినిమా. అది ‘ఓకురిబితో’. 2008లో తాకితా యోజిరో తీశాడు. మరుసటి ఏడు ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది కాబట్టి చాలామంది తెలుగువాళ్లు ‘డిపార్చర్స్’ అనే ఇంగ్లీషు పేరుతో చూసే ఉంటారు. ఓకురు అంటే పంపడం, హితో అంటే మనిషి. ఓకురిబితో అంటే సాగనంపే మనిషి. పార్సిలు పంపినా ఓకురే, స్టేషన్‌కి వెళ్లి చుట్టాన్ని రైలెక్కించినా ఓకురే, పోయినవాళ్లని పంపినా ఓకురే. జపనీయుల పెద్దల పండుగలో వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్లేటప్పుడు వెలిగించే మంట ఓకురిబి. ఏటా ఆగస్టు 16 రాత్రి క్యోటో చుట్టూ ఐదు కొండల మీద ఆ మంటలు పెద్ద పెద్ద అక్షరాలుగా, బొమ్మలుగా వెలుగుతాయి.

కథ చాలామందికి తెలిసిందే. ఆర్కెస్ట్రా మూతపడి ఉద్యోగం పోయిన చెల్లో వాద్యకారుడు డైగో సొంతూరు వెళ్లి, పత్రికలో ప్రకటన చూసి, ప్రయాణాలకి సాయం చేసే కంపెనీ అనుకుని వెళతాడు. అచ్చుతప్పు పడిందంటాడు యజమాని. అది తబి, అంటే ప్రయాణం, కాదు. తబిదాచి, అంటే బయల్దేరడం. పని ఏమిటంటే, పోయినవాళ్లని కడిగి, బట్ట మార్చి, ముఖం దిద్ది, పెట్టెలో పడుకోబెట్టడం. ఒక్క మాట తోక తెగిపోవడం వల్ల ఒక మనిషి బతుకు మారిపోతుంది. పదచర్చ రాసేవాళ్లకి ఇంతకంటే మంచి దృశ్యం సినిమాల్లో దొరకదు.

తెలుగులో దీనికి సరిపోయే మాట సాగనంపు. సాగన్, అంపు అనే రెండు క్రియల కలయిక అది. పోనిచ్చు, రానిచ్చు, చేయనిచ్చు ఎలా ఏర్పడ్డాయో ఇదీ అలాగే ఏర్పడింది. అంపు అంటే పంపు. పాత తెలుగులో అనుచు, అనుపు అనే రూపాలున్నాయి, తమిళంలో అనుప్పు ఇప్పటికీ నిత్యం వాడే మాట. తమిళులు సాగనంపడాన్ని వళియనుప్పు అంటారు, దారి పట్టించి పంపడం అన్నమాట. ఇక్కడ ఒక పొరపాటుకి తావుంది కాబట్టి చెప్పాలి. అంపశయ్యలోని అంప వేరు. అది బాణం, అమ్ము అనే మాటకి మరో రూపం. భీష్ముడు పడుకున్నది బాణాల పడక మీద. ఈ రెండు అంపులకీ చుట్టరికం లేదు. కానీ ఉత్తరాయణం వచ్చేదాకా ఆగి, అడిగినవాళ్లకి అడిగినదల్లా చెప్పి, అందరి దగ్గరా సెలవు తీసుకుని పోయిన ఆ ముసలాయన ఈ చర్చలో అడుగడుగునా అడ్డు వస్తూనే ఉంటాడు.

సాగనంపులో నాకు నచ్చేది దాని నిర్మాణం. ఒక్క మాటలో ఇద్దరు మనుషులున్నారు. సాగేది ఒకరు, అంపేది ఇంకొకరు. సాగడం ఎవరూ ఎవరిచేతా చేయించలేరు, వెళ్లే మనిషే సాగాలి. పంపేవాడు ఆ నడకకి అడ్డు తొలిగి, కొంత దూరం తోడు వస్తాడు. పంపేశాం, తీసుకెళ్లారు, ఎత్తేశారు అన్నప్పుడు వెళ్లే మనిషి వట్టి వస్తువు అయిపోతాడు. సాగనంపాం అన్నప్పుడు అతనింకా నడుస్తూనే ఉంటాడు. ఈమధ్య పత్రికలు ఈ మాటని అధికారుల్ని తొలగించడానికీ, ప్రభుత్వాల్ని దించడానికీ వాడుతున్నాయి. నాకు అది బొత్తిగా నచ్చదు. మెడ పట్టి గెంటడానికి తెలుగులో మాటలు కరువయ్యాయా?

ఎంత దూరం తోడు రావాలన్నదానికి కూడా మన సంప్రదాయంలో హద్దు ఉంది. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో, శకుంతల అత్తవారింటికి బయల్దేరినప్పుడు, ఇష్టమైనవాళ్లని నీటి ఒడ్డు దాకానే అనుసరించాలని శిష్యుడు కణ్వుడికి గుర్తు చేస్తాడు. మన ఊళ్లలో చుట్టాన్ని చెరువుగట్టు దాకానో, పొలిమేర దాకానో సాగనంపేవారు. పాడె కూడా వెళ్లేది ఆ చెరువుగట్టుకే, ఆ ఏటి ఒడ్డుకే. పెళ్లికూతురికీ, పోయినవాళ్లకీ దారి ఒకటే, హద్దు ఒకటే.

ఆ దారి మధ్యలో ఒక ఆగడం ఉంది. దింపుడు కళ్లం. కళ్లం అంటే ధాన్యం నూర్చే చోటు. శ్మశానానికి వెళ్లే దారిలో పాడెని ఒకచోట కిందికి దింపుతారు. డప్పులు ఆపుతారు. దగ్గరి మనిషి వంగి, పోయినవాళ్ల చెవి దగ్గర నోరు పెట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. తండ్రైతే నాన్నా అని, తల్లైతే అమ్మా అని. ఏ కొసనో ప్రాణం మిగిలి ఉంటే ఈ పిలుపుకి పలుకుతారేమోనని. పిలిచిన తర్వాత ఒక క్షణం అందరూ ఊరుకుంటారు. ఎవరూ కదలరు. అప్పుడు మళ్లీ భుజాలకి ఎత్తుకుంటారు. ఇక వెనక్కి చూడటం ఉండదు. దింపుడు కళ్లం ఆశ అని ఎన్నికల వార్తల్లోనూ, క్రికెట్ వార్తల్లోనూ చదివి ఈ మాట తెలిసినవాళ్లే ఇప్పుడు ఎక్కువ. శవవాహనాలు వచ్చాక పట్నాల్లో దింపే చోటే లేదు.

ఆ పిలుపులో ఉన్న ప్రేమని నేను తక్కువ చేయను. కానీ ఒకటి గమనించండి. మనం పలకరించేది అప్పుడు. పేరు పెట్టి, చెవిలో, గట్టిగా, నీకేమైనా చెప్పాలని ఉందా అన్నట్టు వంగేది మనిషి వెళ్లిపోయాక. అంతకు ముందు ఆస్పత్రి మంచం దగ్గర మనం చెప్పేది వేరు: ఏమీ కాదు, నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లిపోదాం. డాక్టర్‌తో మాట్లాడేది గది బయట. ఆయనకి తెలియనివ్వకండి అని ఒకరినొకరు హెచ్చరించుకుంటాం. ఆయనకి తెలుసు. తనకి తెలిసినట్టు మనకి తెలియకూడదని ఆయన కూడా ఊరుకుంటాడు. అలా రెండు వైపులా ప్రేమతోనే నోరు కట్టుకుని, ఆఖరికి వీడ్కోలు లేకుండానే సాగనంపుతాం. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

వింత ఏమిటంటే మన భాష ఈ పిరికితనం నేర్పలేదు. చావుకి తెలుగులో ఉన్న మర్యాద మాటలు చూడండి. కన్నుమూశారు అంటాం, కళ్లు మూసింది ఆయనే. కాలం చేశారు అంటాం, చేసింది ఆయనే. తనువు చాలించారు అన్నది వీటిలో మిన్న. చాలు అనే మాటకి ఇంచు చేరితే చాలించు. ఈ ఒంటితో ఇంక చాలు అని తానే అనుకుని ఆపేయడం తనువు చాలించడం. కూలివాళ్లు సాయంత్రం పని చాలిస్తారు, కచేరీలో పాట చాలిస్తారు, అలాగే మనిషి తనువు చాలిస్తాడు. ఈ మాటలన్నింటిలోనూ పోయే మనిషే కర్త. జపనీస్‌లో మర్యాదగా చెప్పాలంటే నకునారు అంటారు, లేకుండా పోవడం. అక్కడ కర్త చేసేదేమీ లేదు. భాష చేతులు కట్టేసిన చోట సునాదాగారు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. భాష ఇంత చనువు ఇచ్చిన చోట మనం పెద్దవాళ్ల చేతిలో కాగితం పెట్టడం లేదు.

పూర్తిగా పెట్టడం లేదని కాదు. వీలునామా రాయిస్తాం. ఆ మాటలోని వీలు తెలుగు వీలు కాదు, ఇంగ్లీషు విల్. దానికి పారసీ నామా తగిలించారు. అంతకు ముందు మరణశాసనం అనేవారు. పొలం ఎవరికి, ఇల్లు ఎవరికి, నగలు ఎవరికి అన్నది మనిషి బతికి ఉండగానే, సాక్షుల ముందు, సంతకంతో సహా రాయించడానికి మనకి జంకు లేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాల మీద ఉంచాలా వద్దా అన్నది కూడా ముందుగా రాసిపెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఆస్తికి కాగితం ఉంది, వైద్యానికి కాగితం ఉంది. నా చివరి రోజున ఏ పాట పెట్టాలి, ఎవరితో మాట్లాడటం మానేశానో వాళ్లకి ఎవరు కబురు చేయాలి, నా చీరలు ఎవరు కట్టుకుంటే నాకు ఇష్టం అన్నవాటికి కాగితం లేదు, దానికి తెలుగులో ఒక పేరూ లేదు. నోరు తెరిచి అడిగితే ‘శుభమా అని ఇంట్లో దీపం పెట్టే వేళ ఆ మాటలేమిటి’ అంటారు.

తెలుగులో చావు చుట్టూ అల్లిన మంచి సినిమాలు లేకపోలేదు. 2004లో చంద్రసిద్ధార్థ ‘ఆ నలుగురు’ తీశారు. 2023లో వేణు యెల్దండి ‘బలగం’ తీశారు, పిట్ట ముట్టకపోవడం, అంటే పోయినవాళ్లకి పెట్టిన ముద్దని కాకి తాకకపోవడం, అనే ఒక్క ఆచారం మీద ఒక పల్లెనంతా కూర్చోబెట్టి చూపించారు. తెలంగాణ ఊళ్లలో జనం గుంపుగా కూర్చుని ఆ సినిమా చూసి, తెగిపోయిన అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నారు. రెండూ నాకు ఇష్టం. అయితే రెండింటిలోనూ మనిషి పోయాకే కథ నడుస్తుంది. ఆ నలుగురులో రఘురామ్ ప్రాణం పోయాక తన చుట్టూ జరిగేది చూస్తుంటాడు, నోరు విప్పినా ఎవరికీ వినిపించదు. బలగంలో కొమురయ్య కోరిక ఏమిటో కాకి చెప్పాలి. మన సినిమాలు కూడా సాగనంపే సినిమాలే. వీడ్కోలు సినిమా ఇంకా రావాల్సి ఉంది.

ఒకప్పుడు మన ముసలివాళ్లకి వీడ్కోలు ఉండేది. అది కాశీయాత్ర. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని సామెత. తిరిగొస్తారన్న నమ్మకం లేని ప్రయాణం కాబట్టి బయల్దేరేముందు అప్పులు తీర్చి, పొలాలు పంచి, ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చేవారు. పగలున్నవాళ్ల గడప కూడా తొక్కేవారు. తిరిగొస్తే సంతర్పణ, రాకపోతే అప్పటికే సెలవు తీసుకున్నట్టు. 2016లో శుభాశిష్ భుటియానీ తీసిన హిందీ సినిమా ‘ముక్తి భవన్’ ఈ వైపు నుంచే మొదలవుతుంది. ముసలి తండ్రి ఒకనాడు భోజనాల దగ్గర, నా వేళ వచ్చింది, కాశీకి తీసుకెళ్లు అంటాడు. ఉద్యోగం చేసుకునే కొడుకు సెలవు పెట్టి వెంట వెళతాడు. రైలు వచ్చాక, విమానం వచ్చాక కాశీ నుంచి మర్నాడే తిరిగి రావడం తేలికైంది. మంచిదే. దానితోపాటు ఇంటింటికీ వెళ్లి చెప్పి రావడం కూడా ఆగిపోయింది.

చెప్పి వెళ్లడం అంటే మనకి ఒక పట్టింపు ఉంది కదా. మామూలుగా తెలుగువాళ్లు వెళ్తాను అనరు, వెళ్లొస్తాను అంటారు. తెలంగాణలో పోయొస్త అంటారు. పొమ్మనరు, వెళ్లిరమ్మంటారు. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఈ మాట అనకూడదు. పరామర్శకి వచ్చినవాళ్లు చెప్పకుండా లేచి వెళ్లిపోతారు. మళ్లీ ఇలాంటి పని మీద రావడం ఎందుకని. జపనీయులకి కూడా చావు ఇంట్లో అనకూడని మాటలున్నాయి, మాటిమాటికీ, పదేపదే లాంటి జంటమాటలు అక్కడ అనరు. కానీ ఓకురిబితో సినిమాలో దహనవాటిక చూసుకునే ముసలాయన ఒకడున్నాడు. పోయిన ప్రతి మనిషినీ తాను ఇత్తెరష్షాయ్ అని పంపుతానంటాడు. రోజూ పొద్దున్న బడికి వెళ్లే పిల్లలకి, ఆఫీసుకి వెళ్లే మొగుళ్లకి ప్రతి జపాన్ ఇంట్లోనూ గుమ్మం దగ్గర చెప్పే మాట అది. వెళ్లిరా అని అర్థం. నిప్పు వెలిగించే చోట ఆ మాట విన్నప్పుడు, మన వెళ్లొస్తానుని మనం ఎందుకు భయపడి దాచుకున్నామో నాకు అర్థం కాలేదు.

ఇక ఎదురుకోలు. చావుని ఎదుర్కోవడం అని రాస్తుంటాం, అదేదో కత్తి దూసి నిలబడినట్టు. ఎదుర్కొనులో ముందున్న అర్థం వేరు. వచ్చేవాళ్లకి ఎదురు వెళ్లి తీసుకురావడం ఎదుర్కొనడం. పెళ్లిలో మగపెళ్లివారు ఊరి పొలిమేరకి చేరగానే ఆడపెళ్లివారు మేళంతో, పానకంతో ఎదురు వెళ్లేది ఎదురుకోలు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముందురోజు ఎదుర్కోలు ఉత్సవం ఇప్పటికీ జరుగుతుంది. వీడుకోలులో ఉన్న కొను ఇందులోనూ ఉంది. రెండూ కర్త తనంతట తాను చేసే పనులే, ఒకటి వచ్చేవాళ్ల కోసం, ఇంకొకటి ఉండిపోయేవాళ్ల కోసం. జాబితా చేతిలో పట్టుకుని, తన అంత్యక్రియలు జరగబోయే చోటు చూడటానికి టోక్యోలో ఒక చర్చిలోకి నడిచి వెళ్లిన సునాదాగారు చావుని ఎదుర్కొన్నారు అని నేను ఈ పాత అర్థంలోనే అంటాను. ఆయనలో వీరత్వం లేదు. కొంచెం కంగారు, చాలా మర్యాద ఉన్నాయి. వచ్చే అతిథికి గది సిద్ధం చేసే గృహస్థులాగే ఉన్నారు.

ఈ చర్చ చదివినవారికి ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ ఊళ్లో పెద్దవాళ్లని ఈ మాటల గురించి అడగండి. దింపుడు కళ్లాన్ని మీ వైపు ఏమంటారు, కాశీకి వెళ్లేవాళ్లు సెలవు తీసుకునేటప్పుడు ఏమనేవారు, ముసలివాళ్లు తమ చివరి కోరికలు చెప్పుకోవడానికి ఏదైనా పేరు ఉండేదా అని అడగండి. చావు గురించి అడిగితే కసిరేవాళ్లు కూడా మాటల గురించి అడిగితే చెబుతారు. చెబుతూ చెబుతూ తమకేం కావాలో కూడా చెప్పేస్తారు. ఏమీ కాదు అని మధ్యలో ఆపకండి, చెప్పనివ్వండి. మాటలు మాకు రాసి పంపండి. కోరికలు వాళ్లు అన్నట్టే రాసి మీ దగ్గర ఉంచుకోండి.